పుస్తకానికీ పట్టాకీ మధ్య: హైమన్‌డార్ఫ్ జీవితం

నడిగూడెం కోట మన ప్రాంతం పిల్లలందరికీ తెలుసు. మునగాల పరగణా రాజా నాయని వెంకట రంగారావు గారి కోట అది. కొమర్రాజు లక్ష్మణరావు గారు ఆ సంస్థానానికి దివానుగా పనిచేశారు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పుట్టడంలోనూ, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పుట్టి తెలుగులో చరిత్ర, సైన్సు పుస్తకాలు అచ్చు వేయడంలోనూ వీరి పాత్ర ఉంది. ఇదంతా గర్వంగా చెప్పుకుంటాం. అయితే 1930లలో ఇదే పరగణా రైతులు వెట్టికీ, అక్రమ వసూళ్లకూ ఎదురు తిరిగి ఇదే జమీందారీ మీద పోరాడారు. ఒక చేత్తో గ్రంథాలయానికి ఆసరా, ఇంకో చేత్తో వెట్టి. చదువుకీ ఊరి బతుకుకీ మధ్య ఎంత దూరం ఉండగలదో మన కోట గోడలే చెబుతాయి.

ఆ దూరం మాలోనూ ఉంది. మేము తండాలో పుట్టి, హాస్టళ్లలో చదివి, టీచర్ ట్రైనింగ్ పూర్తి చేసి ఇప్పుడు పిల్లల హాస్టల్ నడుపుతున్నాం. ట్రైనింగ్‌లో విద్యా సమాజశాస్త్రం ఒక పేపరు. కుటుంబం, సమూహం, సామాజిక మార్పు అని పేజీలకు పేజీలు రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాం. వార్డెన్ అయిన కొత్తలో సంక్రాంతి సెలవులకు వెళ్లిన అమ్మాయిల్లో కొందరు తిరిగి రాలేదు. కారణం అనే గడిలో తల్లిదండ్రుల అనాసక్తి అని రాసి సంతకం పెట్టాం. మరుసటి ఏడాది కూడా అదే రాశాం. మూడో ఏడు ఒక అమ్మాయి కోసం తండాకు వెళ్తే ఆ ఇంటికి తాళం లేదు, లోపల పెద్దవాళ్లూ లేరు. యాడి, బాపు ఇద్దరూ మిరప కోతలకు పోయారు. ఆ పదమూడేళ్ల పిల్ల ఇద్దరు తమ్ముళ్లకు వండిపెడుతూ, ముసలి నానమ్మను చూసుకుంటోంది. అనాసక్తి ఎవరిది? కాగితం నింపిన మాదే. మాకు పుస్తకం తెలుసు, తండా తెలుసు, ఆ రెండింటినీ కలిపి చూడటం మాత్రం తెలియలేదు.

అప్పటి నుంచి మాకు ఒక మనిషి జీవితం మీద ఆసక్తి పెరిగింది. మన దేశం వాడు కాదు, మన భాష వాడు కాదు. అయినా ఆదిలాబాద్ గోండు గూడేల్లో ఆయన ఫొటో ఇంటి మనిషి ఫొటోలా కనిపిస్తుంది. ఆయనే క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. ఈ సంచిక చదివే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఆయన కథ చెప్పాలనుకుంటున్నాం. దేవుణ్ని చేసి చెప్పం. చేసినదీ చేయలేకపోయినదీ రెండూ చెబుతాం.

పుస్తకాల్లోంచి కొండల్లోకి

హైమన్‌డార్ఫ్ 1909లో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో పుట్టారు. కుర్రతనంలో రవీంద్రనాథ్ ఠాగూర్ రచనలు చదివి భారతదేశం మీద మనసు పెంచుకున్నారు. వియన్నా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం చదివారు. మానవశాస్త్రం, సమాజశాస్త్రం అన్నదమ్ముల బిడ్డల్లాంటివి. సమాజశాస్త్రం ఎక్కువగా పట్నాల్లో, ఫ్యాక్టరీల్లో, కుల సమాజాల్లో పెరిగింది. మానవశాస్త్రం గూడేల్లో, దీవుల్లో పెరిగింది. మనుషులు కలిసి ఎలా బతుకుతున్నారు, ఎందుకు అలా బతుకుతున్నారు అన్నదే రెండింటి ప్రశ్న.

డాక్టరేట్ కోసం ఆయన అస్సాం కొండ తెగల సామాజిక వ్యవస్థ మీద పరిశోధన రాశారు. విచిత్రం ఏమిటంటే అప్పటికి ఆయన ఆ కొండల్ని చూడనే లేదు. ఎవరెవరో రాసిన పుస్తకాలు గ్రంథాలయంలో కూర్చుని చదివి రాసిన పరిశోధన అది. దాంట్లో తప్పు లేదు, అప్పటి పద్ధతి అదే. ఏ ఆచారం ఏ ప్రాంతం నుంచి ఏ ప్రాంతానికి పాకింది అని పటాల మీద గీతలు గీయడం వియన్నాలో నేర్పే విద్య. ఆ పటాల మీద తెగల పేర్లు ఉంటాయి గానీ, ఈ ఏడు పంట పోయిన మనిషి ఉండడు.

తర్వాత ఆయన లండన్ వెళ్లారు. అక్కడ లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో బ్రోనిస్లావ్ మాలినోవ్‌స్కీ పాఠాలు చెబుతున్నారు. మాలినోవ్‌స్కీ పద్ధతి వేరు. జనం మధ్యకు వెళ్లాలి, ఏళ్ల తరబడి ఉండాలి, వాళ్ల భాష నేర్చుకోవాలి. వాళ్లు చెప్పేదే కాదు, చేసేదీ చూడాలి. ఒక సమాజంలో పంట, పెళ్లి, పూజ, తగాదా, పాట అన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి, ఒక పోగు లాగితే మిగతావన్నీ కదులుతాయి అన్నది ఆయన సిద్ధాంతం. ఈ మాట గుర్తుపెట్టుకోండి. ముందు ముందు పట్టా కాగితం దగ్గర ఇదే మాట పనికొస్తుంది.

1936లో హైమన్‌డార్ఫ్ నాగా కొండలకు వచ్చారు. కొన్యాక్ నాగాల మధ్య ఉండి వాళ్ల జీవితాన్ని రాశారు. అక్కడే ఇంకొకటి కూడా చూశారు. బానిసల కోసం దాడులు చేస్తోందని పంగ్షా అనే ఊరి మీదకు బ్రిటిష్ అధికారి జె.పి. మిల్స్ సిపాయిలతో వెళ్లినప్పుడు ఈయన కూడా వెంట వెళ్లారు. ఊరు తగలబడింది. చదువుకున్నవాడు అధికారం వెనక నడిస్తే ఏం చూడాల్సి వస్తుందో ఆ యాత్రలో ఉంది. ఆయన జీవితాన్ని తలచుకునేటప్పుడు ఈ సంగతి దాచకూడదని మా అభిప్రాయం. ఎందుకంటే తర్వాత కూడా ఆయన పని ప్రభుత్వాల నీడలోనే సాగింది. ఆ నీడలో ఉండి ఏం చేశారన్నదే అసలు లెక్క.

యుద్ధం కట్టేసిన చోట

1938లో ఆయన ఎలిజబెత్ బర్నార్డోను పెళ్లి చేసుకున్నారు. అందరూ ఆమెను బెట్టీ అనేవాళ్లు. 1939లో ఇద్దరూ భారతదేశం వచ్చారు. అదే ఏడు రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. అంతకు ముందే ఆస్ట్రియాను హిట్లర్ కలిపేసుకోవడంతో ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్ వాళ్లు శత్రుదేశ పౌరుడిగా లెక్కగట్టి, హైదరాబాద్ సంస్థానం దాటి పోకూడదని ఆంక్ష పెట్టారు. మళ్లీ నాగా కొండలకు పోవాలనుకున్న మనిషి దక్కనులో చిక్కుకుపోయారు. నిజాం ప్రభుత్వం మాత్రం సంస్థానంలోని ఆదివాసుల మధ్య పనిచేసుకోనిచ్చింది.

మొదట 1940లో అమ్రాబాద్ పీఠభూమి మీద, నల్లమల అడవిలో చెంచుల దగ్గరకు వెళ్లారు. దుంపలు తవ్వుకుని, తేనె తీసుకుని బతికే చెంచుల వెంట తిరిగారు. తర్వాత గోదావరి ఒడ్డు కొండల్లో కొండరెడ్ల దగ్గర ఉన్నారు. అక్కడ వెదురు, కలప కాంట్రాక్టర్ల చేతుల్లో కొండరెడ్లు అప్పులపాలై, కూలీ కూడా సరిగా అందక నలిగిపోవడం చూశారు. సాధారణంగా పరిశోధకులు ఇలాంటి వాటిని పుస్తకంలో చివరి అధ్యాయంగా పెట్టి ఊరుకుంటారు. ఆయన పుస్తకాలు రాశారు, వాటితోపాటు ప్రభుత్వానికి నివేదికలు కూడా రాశారు. ఎక్కడ ఏ అన్యాయం జరుగుతోంది, దాన్ని ఆపడానికి ఏ ఉత్తర్వు కావాలి అని వివరంగా రాశారు. చెంచులకు వాళ్ల అడవిలో కొంత భాగం ప్రత్యేకంగా ఉంచాలని సూచించారు. ఈ నివేదికలను 1945లో ట్రైబల్ హైదరాబాద్ అనే పేరుతో ప్రభుత్వమే అచ్చు వేసింది.

ఒకే మనిషి, ఒకే ఊరు, రెండు రకాల రాత. పుస్తకం విశ్వవిద్యాలయానికి, నివేదిక రెవెన్యూ శాఖకు. సిద్ధాంత సమాజశాస్త్రం, అనువర్తిత సమాజశాస్త్రం అని మేము ట్రైనింగ్‌లో రెండు నిర్వచనాలు బట్టీ పట్టాం. అవి రెండు వేర్వేరు శాస్త్రాలు కావని, ఒకే మనిషి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి చేయవచ్చని ఈయన్ని చదివాకే తెలిసింది.

భీం తర్వాత మార్లవాయి

1940లో జోడేఘాట్ కొండల్లో కుమురం భీం నిజాం పోలీసుల తూటాలకు నేలకొరిగాడు. అడవిని రిజర్వు చేసి, గూడేలను ఖాళీ చేయించి, పశువుల మేతకూ కట్టెలకూ వసూళ్లు చేసిన పాలన మీద తిరగబడిన గోండు వీరుడు ఆయన. తిరుగుబాటును తూటాలతో అణిచినా, అది ఎందుకు వచ్చిందో ప్రభుత్వానికి తెలుసుకోక తప్పలేదు. ఆ పని హైమన్‌డార్ఫ్ చేతికి వచ్చింది. ఇక్కడ ఒక్క మాట. మార్పుకు మొదటి కారణం హైమన్‌డార్ఫ్ కాదు, భీం. భీం, ఆయన సహచరులు ప్రాణాలు పెట్టకపోతే ఏ ప్రభుత్వమూ ఏ పరిశోధకుణ్నీ గోండుల బాధ అడిగి రమ్మని పంపేది కాదు.

1941లో బెట్టీతో కలిసి ఆయన మార్లవాయి చేరారు. ఇప్పటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలోని గోండు గూడెం అది. అక్కడి వాళ్లు కట్టుకునే తీరులోనే కట్టిన ఇంట్లో కాపురం పెట్టారు. గోండి నేర్చుకున్నారు. గూడెం పటేళ్లతో కూర్చున్నారు, పర్ధాన్‌లు కింగ్రీ వాయిస్తూ పాడే కులగాథలు విన్నారు, పెర్సపేన్ పూజలు, దండారీ ఆటలు చూశారు. మగవాళ్లతో ఆయన మాట్లాడితే, ఆడవాళ్ల పనీ పాటా సంగతులు బెట్టీ చూశారు. ఆయన పుస్తకాల్లో గోండు ఆడవాళ్ల బతుకు కనిపిస్తుందంటే అందులో ఆమె కష్టం ఉంది. తర్వాతి కాలంలో దక్షిణాసియా మానవశాస్త్ర గ్రంథసూచిని తయారు చేసింది కూడా ఆమే. చెల్లెళ్లు ఈ పేరు మరిచిపోవద్దు.

గోండుల కష్టం ఏమిటో లోతుగా చూస్తే ఒక చిక్కు తేలింది. తాతల నాటి నుంచి దున్నుతున్న భూమి. ఊరంతటికీ తెలుసు అది ఎవరిదో. కానీ కాగితం లేదు. గోండులు శిస్తు కట్టినా సర్కారు లెక్కలో అది శివాయి జమాబంది భూమే, అంటే ఏడాదికేడాది దయ మీద దున్నుకునేదే. అదే సమయంలో రోడ్డు పడ్డ కొద్దీ మైదానం నుంచి వచ్చినవాళ్లు తహసీలు ఆఫీసుకు పోయి, అర్జీ పెట్టి, అదే భూమికి పట్టా తెచ్చుకున్నారు. చదవడం రాయడం వచ్చినవాడికి భూమి, దున్నినవాడికి కూలి. ఇంకోవైపు అటవీ శాఖ గీత గీసి గూడేలను అవతలికి నెట్టింది.

ఇక్కడే మాలినోవ్‌స్కీ దగ్గర నేర్చుకున్న సిద్ధాంతం పనికొచ్చింది. మామూలు అధికారి చూస్తే ఇది భూమి సమస్య, డబ్బు సమస్య. నష్టపరిహారం ఇస్తే సరిపోతుంది అనుకుంటాడు. అన్నీ ముడిపడి ఉంటాయని చదువుకున్న మనిషి ఇంకోలా చూశాడు. గోండుకు భూమి పోతే గూడెం చెదురుతుంది. గూడెం చెదిరితే కులపోళ్లు ఒకచోట చేరరు. చేరకపోతే పెర్సపేన్ పూజ ఉండదు, పర్ధాన్‌కు పాడే చోటు ఉండదు, పటేల్ పంచాయతీకి బలం ఉండదు, పిల్లల పెళ్లి సంబంధాలు కూడా చిక్కుపడతాయి. అందుకే ముందుగా కావలసింది పరిహారం కాదు, పట్టా. సిద్ధాంతం ఆయనకు చేసిన మేలు ఇదే, చెయ్యి ఎక్కడ పెట్టాలో చూపించింది.

ఆయన మాట వినే అధికారులు కూడా దొరికారు. సంస్థానంలో రెవెన్యూ బాధ్యతలు చూసిన డబ్ల్యు.వి. గ్రిగ్‌సన్ స్వయంగా బస్తర్ గోండుల మీద పుస్తకం రాసినవాడు. ఆదిలాబాద్‌లో ఆదివాసుల పనికి నియమించిన సేతుమాధవరావు పగ్డీ గోండుల మీద ఆసక్తితో రచనలు చేసిన అధికారి. ప్రత్యేక సిబ్బందిని పెట్టి, గూడేలకు వెళ్లి, కొలిచి, పట్టాలు ఇచ్చే పని 1940లలో నడిచింది. ఆ దశాబ్దం ముగిసేలోపు వేలాది ఆదివాసీ కుటుంబాలకు లక్ష ఎకరాలకు పైగా భూమి దక్కింది. ఆదివాసీ ప్రాంతాల రక్షణకు ప్రత్యేక చట్టం కూడా వచ్చింది.

గోండిలో బడి

పట్టా ఇస్తే సరిపోదు, దాన్ని చదువుకోగలగాలి. 1943లో మార్లవాయిలో టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది. అప్పటికి చదువుకున్న గోండులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. బయటి నుంచి టీచర్లను తెస్తే వాళ్లకు గోండి రాదు, అడవి గూడెంలో నిలవరు. అందుకని గోండు యువకులకే చదువు చెప్పి, వాళ్లనే టీచర్లుగా తయారు చేసి, వాళ్లతో గూడేల్లో బడులు పెట్టించారు. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారు చేశారు. పిల్లవాడు మొదట తన భాషలో అక్షరాలు పట్టుకుంటాడు, ఆ తర్వాత వేరే భాషలోకి పోతాడు.

ఈ సంగతి మాకు బాగా తగిలింది. మా హాస్టల్‌కు వచ్చే చిన్నపిల్లలు ఇంట్లో గోర్ బోలి మాట్లాడతారు. మొదటి నెల తరగతిలో నోరు విప్పరు. మొద్దు పిల్ల అని పేరు పడుతుంది. రాత్రి పడుకునే ముందు అక్కల దగ్గర అదే పిల్ల గలగలా మాట్లాడుతుంది. బుద్ధి లేక కాదు, భాష రాక. 1943లో ఒక పరదేశి ప్రొఫెసర్‌కు తెలిసిన విషయం మాకు తెలియడానికి ఇంత కాలం పట్టింది. ఇప్పుడు కొత్తగా వచ్చిన పిల్లకు ఒక పెద్ద అమ్మాయిని జత చేస్తున్నాం. పాఠంలో పదం అర్థం కాకపోతే గోర్ బోలిలో చెప్పే అక్క ఆమె. ఖర్చు లేదు, ఉత్తర్వు అక్కర్లేదు. చదివింది ఆచరణలో పెట్టడం అంటే ఒక్కోసారి ఇంత చిన్నదే.

మార్లవాయి శిక్షణలో ఇంకో లాభం కూడా వచ్చింది. అక్కడ చదివిన యువకులు బడి పంతుళ్లుగానే ఆగలేదు. అర్జీ రాయడం, పహాణీ చూడటం, అధికారితో మాట్లాడటం వచ్చినవాళ్లు గూడేనికి దొరికారు. అంతకు ముందు ప్రతి కాగితానికీ మైదానం మనిషి కాళ్లు పట్టుకోవలసి వచ్చేది.

వెళ్లిపోయి తిరిగొచ్చిన మనిషి

1944, 45లలో ఆయన ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్‌లోని సుబన్‌సిరి ప్రాంతంలో ప్రత్యేక అధికారిగా పనిచేసి, అపతానీల గురించి తెలుసుకున్నారు. 1945లో తిరిగి హైదరాబాద్ వచ్చి ఆదివాసీ వ్యవహారాల్లో నిజాం ప్రభుత్వానికి సలహాదారుగా, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా ఉన్నారు. పొద్దున పాఠం, తర్వాత ఫైలు. 1948లో ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద ఆయన పెద్ద పుస్తకం వచ్చింది. హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసిన తర్వాత, 1949లో లండన్ వెళ్లి ప్రాచ్య ఆఫ్రికన్ అధ్యయనాల సంస్థలో చేరారు. 1951లో అక్కడ ఆచార్య పదవి అందుకున్నారు. నేపాల్‌లో షెర్పాల మధ్య పనిచేశారు. 1976లో పదవీ విరమణ చేశారు.

ఇంతవరకైతే ఇది విజయగాథ. మేము మాత్రం ఆయన్ని గౌరవించేది ఆ తర్వాత చేసిన పనికి.

పదవీ విరమణ తర్వాత విశ్రాంతి తీసుకోకుండా, తను యవ్వనంలో పనిచేసిన గూడేలకే బెట్టీతో తిరిగి వచ్చారు. ముప్పై ఏళ్ల కింద ఇప్పించిన పట్టాలు ఎవరి చేతిలో ఉన్నాయని చూశారు. చాలాచోట్ల భూమి మళ్లీ పోయింది. అప్పులకు పోయింది, మోసానికి పోయింది, కాగితం మీద చట్టం ఉండగానే పోయింది. 1959లో వచ్చి, 1963లో తెలంగాణకు విస్తరించి, 1970లో సవరించిన భూ బదలాయింపు నిబంధనలు గిరిజనేతరుల చేతికి భూమి పోకూడదని చెబుతూనే ఉన్నాయి. గోండిలో చదువు చెప్పే పద్ధతి కూడా మూలకు పడింది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం గుమిగూడిన గోండుల మీద పోలీసు కాల్పులు జరిగాయి. జోడేఘాట్ తర్వాత నలభై ఏళ్లకు మళ్లీ అదే నేల మీద అదే రక్తం.

1982లో వచ్చిన ఆయన ఇంగ్లిషు పుస్తకం, భారతదేశపు తెగలు బతుకు కోసం చేసే పోరాటం గురించినది, ఈ నష్టాల లెక్కే. తను కట్టిన ఇల్లు కూలిందని తానే వచ్చి చూసి, తానే రాయడం మామూలు విషయం కాదు. మనలో ఎంతమందిమి పథకం ప్రారంభించిన ఫొటో దాచుకుంటాం, అయిదేళ్ల తర్వాత అదే ఊరికి వెళ్లి ఏమైందని అడుగుతాం? సిద్ధాంతం నుంచి ఆచరణకు దారి వేయడం సగం పనే. ఆచరణ నుంచి మళ్లీ వెనక్కి వచ్చి, ఏది తప్పిందో చూసి, ఆలోచన సరిదిద్దుకోవడం మిగతా సగం. ఆయన చూసిన తప్పు మాకు అర్థమైనంతలో ఇది: మంచి అధికారులున్నంత కాలం నిలిచిన రక్షణ వాళ్లు వెళ్లగానే నిలవలేదు. పైనుంచి వచ్చినదాన్ని కింద పట్టుకునే చేతులు చాలలేదు.

మనకు కష్టంగా ఉండే పేజీలు

ఈ సంచిక చదివేవారిలో చాలామంది మాలాగే లంబాడీ తండాల పిల్లలు. అందుకే ఈ మాట దాటేయలేం. ఆ పుస్తకంలో ఆదిలాబాద్‌కు వలస వచ్చిన లంబాడీల గురించి ఆయన రాసినది చదివితే మనసు చివుక్కుమంటుంది. 1976 నాటి చట్ట సవరణతో తెలంగాణ లంబాడీలు కూడా షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేరడం వల్ల, భూ బదలాయింపు నిబంధన గోండు భూమిని వారి నుంచి కాపాడలేకపోయిందని ఆయన బాధపడ్డారు. ఇవాళ్టి గొడవల్లో ఆ పేజీలను ఒక వైపు వాళ్లు ఎత్తి చూపుతారు, ఇంకో వైపు వాళ్లు ఆయన పేరే వద్దంటారు.

మేము మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసేశాం. రెండోసారి తెరిచినప్పుడు ఒకటి అర్థమైంది. ఆయన గోండు గూడెంలో కూర్చుని, గోండుల భూమి లెక్క వేశారు. ఆ గూడెం నుంచి చూస్తే కనిపించింది రాశారు. పోయిన భూమి నిజం, గోండుల బాధ నిజం. దాన్ని కాదనడం మనకు న్యాయం కాదు. అలాగే ఆయన ఏళ్ల తరబడి కూర్చోని చోట్లు కూడా ఉన్నాయి. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసి దేశమంతా తిరిగిన మన తాతల బతుకుదెరువును రోడ్లూ రైళ్లూ ఎలా తీసుకుపోయాయి, అటుపైన నిలవనీడ కోసం ఎక్కడెక్కడ తిరిగారు, మైదానం తండాల్లో వెట్టి, వడ్డీ ఎలా నలిపాయి అన్న లెక్క తండాలో కూర్చుని వేయాలి. ఆ లెక్క మనం వేయాలి. కోపంతో కాదు, ఆయన చూపించిన పద్ధతిలోనే. ఇంటింటికీ వెళ్లి, పెద్దల మాట విని, కాగితం చూసి. అప్పుడు గోండు తమ్ముడి లెక్కా మన లెక్కా పక్కపక్కన పెట్టుకుని మాట్లాడుకోవచ్చు. లెక్క లేకుండా మాట్లాడితే మిగిలేది తిట్లే.

మనం చేయగలిగినది

బెట్టీ 1987 జనవరిలో హైదరాబాదులో కన్నుమూశారు. ఆమెను మార్లవాయిలో సమాధి చేశారు. హైమన్‌డార్ఫ్ 1995 జూన్‌లో లండన్‌లో చనిపోయారు. తర్వాత ఆయన అస్థికలను కూడా తెచ్చి ఆమె పక్కనే ఉంచారు. ఏటా జనవరిలో గోండులు అక్కడ చేరి వాళ్లిద్దరినీ తమ పెద్దలుగా తలుచుకుంటారు. వియన్నాలో పుట్టిన మనిషికి చివరి చోటు మార్లవాయి అయింది.

మనకు మార్లవాయి ఎంత దూరమో, ఆయన చదువూ అంతే దూరం అనుకోకండి. మన నడిగూడెం ప్రాంతం షెడ్యూల్డ్ ఏరియా కాదు, ఇక్కడ ఆదిలాబాద్ చట్టాలు వర్తించవు. ఇక్కడి తండా పిల్లల చిక్కులు వేరు. అయినా పద్ధతి ఒకటే. 2018లో పంచాయతీరాజ్ చట్టంతో తెలంగాణలో ఎన్నో తండాలు సొంత గ్రామ పంచాయతీలయ్యాయి. సర్పంచ్ మనవాడు, కార్యదర్శి దగ్గర రిజిస్టరు ఉంది. పైనుంచి వచ్చినదాన్ని కింద పట్టుకునే చేతులు మీవే.

డిగ్రీ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ వేసవిలో సెలవులకు వెళ్లినప్పుడు ఒక నోటుపుస్తకం పట్టుకెళ్లండి. మీ తండాలో ఇల్లిల్లూ తిరిగి నాలుగు సంగతులు రాయండి. బడి మానిన పిల్లలు ఎవరు, ఏ నెలలో మానారు? ఆ నెలలో ఇంట్లో పెద్దవాళ్లు ఏ పనికి ఎక్కడికి పోయారు? దున్నే భూమికి పాస్‌బుక్ ఎవరి పేరున ఉంది, ఇంటి ఆడమనిషి పేరు ఎక్కడైనా ఉందా? ఇంట్లో అప్పు ఎంత, ఎవరి దగ్గర, ఎందుకు? రాసేటప్పుడు పెద్దలకు ముందే చెప్పండి, ఎందుకు రాస్తున్నామో, ఎవరికి చూపిస్తామో. వాళ్లు వద్దన్నది రాయకండి. తర్వాత ఆ రాతను మీ దగ్గరే దాచుకోకుండా తండా మనుషులందరి ముందు చదివి వినిపించండి. నాయక్, కార్‌భారీ, ఆడవాళ్లు అందరూ వినాలి. తప్పులుంటే వాళ్లే దిద్దుతారు. దిద్దిన కాగితం మీద ఒకే ఒక్క అర్జీ రాయండి, అన్నీ కాదు, ఒక్కటే. వచ్చే ఏడాది మళ్లీ వెళ్లి ఆ అర్జీ ఏమైందో చూడండి.

ఇంతకు ముందు చెప్పిన ఆ అమ్మాయి సంగతి రాయలేదు కదా. ఆమె నానమ్మతో, పక్కింటి వాళ్లతో మాట్లాడాం. కోతలు అయ్యేదాకా తమ్ముళ్లకు తిండి పక్కింట్లో అని ఒప్పించాం. పిల్ల హాస్టల్‌కు తిరిగొచ్చి పదో తరగతి పాసైంది. ఆ ఏడు ఫారంలో కారణం అనే గడిలో తల్లిదండ్రుల వలస కూలి, జనవరి నుంచి మార్చి వరకు అని రాశాం. ఆ ఒక్క వాక్యం రాయడానికి తండాకు ఒకసారి నడవాల్సి వచ్చింది. హైమన్‌డార్ఫ్ జీవితం నుంచి మేము నేర్చుకున్నది అంతే. గడి నింపే ముందు నడవడం, నింపిన తర్వాత మళ్లీ ఒకసారి నడిచి చూడటం.

జై సేవాలాల్. జోహార్ కుమురం భీం.